11 కిలోల పెట్టెకు 24 కిలోల బిల్లు: చిన్న లోడు ఎలా పంపాలి?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది తణుకు దగ్గర పల్లె. నేనూ మా తోటికోడలూ కలిసి జంతికలు, చెక్కలు, చేగోడీలు, సున్నుండలు, బెల్లం గవ్వలు చేసి అమ్ముతున్నాం. జీఎస్టీ, ఫుడ్ లైసెన్స్ రెండూ ఉన్నాయి. పది రోజులకోసారి ముప్పై నలభై పెట్టెలు వెళ్తాయి. ఎక్కువ భాగం హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్, దిల్‌సుఖ్‌నగర్ షాపులకు, మిగతావి బెంగళూరుకు. కొరియర్ వాళ్లు 11 కిలోల పెట్టెకు 24 కిలోలకు బిల్లు వేస్తున్నారు. పోనీ అని ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తే నాలుగు పెట్టెల్లో జంతికలు పొడైపోయాయి, షాపాయన డబ్బు కోసేసుకున్నాడు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు "ఓనర్ రిస్క్ అమ్మా" అని పంపేశారు. సొంతంగా బండి మాట్లాడుకోమని ఒకరు, రైల్లో వేయమని మా మరిది, ఆర్టీసీ కార్గో అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 24 కిలోల సంగతి తేల్చుకుందాం, మీ డబ్బు ఎక్కువగా పోతున్నది అక్కడే. కొరియర్ వాళ్లు అందులో మోసం చేయలేదు. జంతికల్లాంటి తేలిక సరుకు ఎక్కిస్తే బండి మోయగల బరువు రాకముందే చోటు నిండిపోతుంది, అందుకని పెట్టె ఆక్రమించే చోటుకు కూడా ఒక బరువు కడతారు, దాన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. మీరు కొలతలు రాయలేదు గానీ 60, 45, 45 సెంటీమీటర్ల పెట్టె వాడుతున్నట్టున్నారు, ఎందుకంటే దానికి 1,21,500 ఘన సెంటీమీటర్లు వస్తుంది, 5000తో భాగిస్తే 24.3. తూకం బరువు, ఈ లెక్క బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు.

ఇంకో మాట, ఇది చాలామంది చిన్న వ్యాపారులకు బిల్లు చేతికొచ్చాక గానీ తెలియదు. భాగిస్తున్న ఆ 5000 అందరి దగ్గరా ఒకటే కాదు. కొందరు 4500, కొందరు 4000 పెడతారు. పార్ట్ లోడ్, అంటే నలుగురి సరుకు ఒకే లారీలో కలిపి తీసుకునే పెద్ద కంపెనీలైతే ఘనపుటడుగుకు ఇన్ని కిలోలని లెక్క కడతాయి. ఘనపుటడుగుకు 10 కిలోల లెక్కన మీ పెట్టె 4.3 ఘనపుటడుగులు, అంటే 43 కిలోలు! అదే పెట్టె, అదే 11 కిలోల సరుకు. ఒకాయన కిలోకు 7 రూపాయలన్నాడు, ఇంకొకాయన 11 అన్నాడు అనుకుందాం. మొదటాయన ఘనపుటడుగుల లెక్కన 43 కిలోలకు 301 రూపాయలు తీసుకుంటాడు, రెండో ఆయన 5000 లెక్కన 24 కిలోలకు 264 తీసుకుంటాడు. చవక అనుకున్నదే ఎక్కువైంది. కాబట్టి ఎవరికి ఫోన్ చేసినా కిలో రేటు అడిగి ఊరుకోవద్దు, ఏ లెక్కన బరువు కడతారో అడగండి, కనీసం ఎన్ని కిలోలకు బిల్లు వేస్తారో అడగండి, ఆ పైన డాకెట్ ఛార్జీ (బుకింగ్ రసీదుకు వేసేది), డీజిల్ సర్‌ఛార్జీ, సరుకు విలువ మీద ఛార్జీ, ఊరు వాళ్ల రూటులో లేకపోతే వేసే అదనం, ఇవన్నీ కలిపి షాపు గుమ్మం దాకా ఒక పెట్టెకు ఎంత పడుతుందో చెప్పించుకోండి. పోల్చాల్సింది ఆ ఒక్క అంకెనే.

మన ప్రాంతంలో పాతకాలం నుంచి ఉన్న పార్శిల్ ట్రాన్స్‌పోర్టుల్లో పద్ధతి వేరు. అక్కడ బుకింగ్ గుమస్తా పెట్టెను చూసి, సరుకేమిటో అడిగి, పెట్టెకింత అనో తూకం మీదనో రేటు కట్టడం ఇప్పటికీ ఉంది. క్రమం తప్పకుండా నెలకు నూరు పెట్టెలు వేస్తామంటే రేటు మాట్లాడుకోవచ్చు కూడా. నవత, వీఆర్‌ఎల్ లాంటి వాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ బెంగళూరులోనూ బ్రాంచీలున్నాయి, మీ జిల్లాలో ఇంకా చిన్న సంస్థలూ ఉంటాయి. మీ లోడుకు నా ఓటు వీటికే. అయితే మీ పెట్టె ఇలాగే ఉంటే మాత్రం కాదు, ఈసారి కూడా పొడే వస్తుంది. ముందు పెట్టె మార్చాలి.

ఎలాగంటే, 45, 35, 35 సెంటీమీటర్ల పెట్టెకు రండి. 5000 లెక్కన దాని బరువు దాదాపు 11 కిలోలు. అందులో ఒక్క జంతికలే నింపితే మళ్లీ తేలికైపోయి గాలికి కిరాయి కట్టినట్టే అవుతుంది, అందుకని షాపుకు వెళ్లే ఆర్డర్‌ను కలిపి సర్దండి: సున్నుండలు, బెల్లం గవ్వలు లాంటి బరువు సరుకు అడుగున, మధ్యలో ఒక అట్ట, దానిపైన జంతికలు, చేగోడీలు. తూకం బరువు, లెక్క బరువు దగ్గర దగ్గరగా వస్తే మీరు కట్టే ప్రతి రూపాయీ సరుకు మీదే పడుతుంది. షాపు వాళ్లకు పెట్టె విప్పి సర్దుకోవడం కొంచెం పని పెరుగుతుంది, పెట్టె మీద లోపల ఏమేం ఎన్ని ఉన్నాయో పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి.

అట్టపెట్టె 5 ప్లై, అంటే అయిదు పొరలది తీసుకోండి. 3 ప్లై పెట్టె మీ ఊరి నుంచి ఆటోలో తణుకు దాకా బాగానే వెళ్తుంది, హబ్‌లో, అంటే సరుకు బండ్లు మార్చే పెద్ద గోడౌన్‌లో దించి, మళ్లీ ఎక్కించి, నాలుగైదు వరుసలు పేర్చాక అడుగు వరుసలో ఉన్నది కూలబడుతుంది. ప్యాకెట్లను పడుకోబెట్టకుండా నిలబెట్టి సర్దండి, పైన ఖాళీ మిగలకూడదు, మిగిలితే ముడతలు పెట్టిన కాగితం కూరండి. పెట్టెను రెండు చేతుల్తో పట్టుకుని ఊపితే లోపల చప్పుడు రాకూడదు. తర్వాత ఒక పెట్టెను నడుమెత్తు నుంచి మూల మీద పడేలా వదిలి, విప్పి చూడండి. లోపల జంతికలు విరిగితే మీ సర్దుడు మారాలి, విరగకపోతే ఆ పద్ధతినే ఖాయం చేసుకోండి. ఫ్రాజైల్ స్టిక్కర్ అంటించండి గానీ దాన్ని నమ్ముకోవద్దు, అర్ధరాత్రి లారీ దించే హమాలీకి చేతిలో ఉన్నది పెట్టె ఒక్కటే, మీ స్టిక్కర్ చదివే తీరిక ఆయనకు లేదు. పెట్టె ఒక మనిషి సులువుగా ఎత్తగలిగేలా ఉంటే అదే మీ సరుకుకు రక్ష. మరీ బరువైతే దొర్లిస్తారు, మరీ చిన్నదైతే విసురుతారు.

వాసన సంగతి కూడా చూసుకోండి. పార్ట్ లోడ్ అంటే మీ చెక్కల పక్కన పురుగుమందు ఉండొచ్చు, అగరొత్తులు ఉండొచ్చు, సబ్బుల పెట్టెలు ఉండొచ్చు. అట్టపెట్టె లోపల మందపాటి పాలిథిన్ కవరు వేసి మూతి కట్టేయండి, బుకింగ్‌లో సరుకు పేరు "తినుబండారాలు" అని స్పష్టంగా రాయించండి. వానాకాలంలో పెట్టె బయట కూడా స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టండి.

ఇక హైదరాబాద్. మూడు షాపులకు మూడు డోర్ డెలివరీలు పెట్టుకుంటే మూడు చోట్లా కనీస ఛార్జీ, మూడు చోట్లా డెలివరీ ఛార్జీ. కూకట్‌పల్లి, మియాపూర్ పక్కపక్కనే కదా, ఆ రెండు షాపుల బిల్లులు వేరుగా, ఎల్‌ఆర్‌లు (ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే బుకింగ్ రసీదులు) వేరుగా చేయించి, సరుకు మాత్రం ఒకే బ్రాంచికి గోడౌన్ డెలివరీ, అంటే మనమే వెళ్లి తెచ్చుకునేలా పెట్టండి. ఒక ట్రాలీ ఆటో మాట్లాడితే రెండు షాపుల్లోనూ దించేసి వస్తుంది. రోజూ ఆ రూటులో తిరిగే ఆటో డ్రైవర్ ఒకాయన్ని ఖాయం చేసుకుంటే సరుకు వచ్చిందో లేదో బ్రాంచిలో కనుక్కునేది కూడా ఆయనే. దిల్‌సుఖ్‌నగర్ ఊరికి ఆ చివర, దాన్ని వీటితో కలపొద్దు, అక్కడికి దగ్గరి బ్రాంచికే వేయండి. బెంగళూరుకు వెళ్లేవి తక్కువ పెట్టెలే కాబట్టి డబ్బు ఎక్కువైనా డోర్ డెలివరీయే తీసుకోండి, భాష తెలియని ఊళ్లో గోడౌన్ల చుట్టూ తిరిగే మనిషిని మీరెక్కడ వెతుకుతారు?

ఛార్జీ బుకింగ్‌లోనే కట్టి "పెయిడ్" చేయండి, సరుకు తీసుకునేవాళ్లు కట్టే "టు పే" వద్దు. టు పే సరుకు త్వరగా చేరుతుందని ట్రాన్స్‌పోర్టుల్లో ఒక మాట ఉంది, వాళ్ల డబ్బు అక్కడే వస్తుంది కాబట్టి. కానీ షాపాయన ఆ రోజు డబ్బు లేదనో, మనిషి లేడనో తీసుకోకపోతే సరుకు గోడౌన్‌లో ఉండిపోతుంది, గడువు దాటితే డెమరేజ్, అంటే అక్కడ ఉంచినందుకు అద్దె పడుతుంది, మీది నిల్వ ఉండే కొద్దీ విలువ తగ్గే సరుకు. పెయిడ్ చేసి ఆ ఖర్చు ధరలోనే కలపండి. ఇంకొకటి, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకపోతే ఆ కిరాయి మీద 5 శాతం రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, మీ ఆడిటర్ గారికి ఎల్‌ఆర్‌లు నెలనెలా పంపుతున్నారో లేదో చూసుకోండి.

ఇప్పుడు పోయిన డబ్బు గురించి. "ఓనర్ రిస్క్", అంటే నష్టమొస్తే భారం సరుకు యజమానిదే అని రసీదు మీద ముద్ర ఉన్నంత మాత్రాన వాళ్ల బాధ్యత ఆవిరైపోదు. రోడ్డు రవాణా సంస్థల మీద 2007లో వచ్చిన చట్టం, కేరేజ్ బై రోడ్ యాక్ట్, 2011 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సరుకు పోయినా పాడైనా దావా వేసినవాళ్లు ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల నిర్లక్ష్యాన్ని నిరూపించాల్సిన పని లేదు. కానీ అదే చట్టంలో మీలాంటి వాళ్లు చిక్కుకునే చోటు ఒకటుంది: బుకింగ్ అప్పుడు సరుకు విలువ ప్రకటించి, దానికి తగ్గ రిస్క్ రేటు (పూర్తి బాధ్యత తీసుకోవడానికి వాళ్లు అడిగే అదనపు ఛార్జీ) కట్టకపోతే, పరిహారం కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. పెట్టె కిరాయి 120 రూపాయలు అనుకుంటే 1,200 దాటదు, లోపలున్న సరుకు 3,500 రూపాయలదైనా సరే. అందుకే గుమస్తా "విలువ ఎంత రాయమంటారు" అని యథాలాపంగా అడిగినప్పుడు తక్కువ చెబితే ఛార్జీ కలిసొస్తుందని అనుకోవద్దు. ఇన్‌వాయిస్‌లో ఉన్న విలువ ఉన్నట్టే రాయించండి, రిస్క్ రేటు ఎంతో అడగండి, రాసిన కాగితం ఫోటో తీసుకోండి.

ఆ నాలుగు పెట్టెలకు మీరు రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదనిపిస్తోంది. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు లిఖిత నోటీసు ఇవ్వకపోతే ఆ తర్వాత దావాకు దారి ఉండదు. గడువు ఇంకా ఉంటే ఈ వారమే ఎల్‌ఆర్ నంబరు, తేదీ, ఎన్ని పెట్టెలు, ఎంత నష్టం అని ఒక ఉత్తరం రాసి బుకింగ్ బ్రాంచికీ హెడ్డాఫీసుకీ స్పీడ్ పోస్టులో పంపండి. మొత్తం వస్తుందని హామీ ఇవ్వలేను. కానీ ఫోన్‌లో అరిచిన దానికీ ఉత్తరానికీ వాళ్లు స్పందించే తీరు వేరు.

ఇకముందు అసలు పని షాపు దగ్గర జరగాలి. షాపు కుర్రాడు చూడకుండా సంతకం పెట్టేస్తే "సరుకు బాగున్న స్థితిలో ముట్టింది" అని రాసిచ్చినట్టే. మీ షాపుల వాళ్లందరికీ వాట్సాప్‌లో ఒక మాట చెప్పి పెట్టండి: పెట్టెలు లెక్కపెట్టాలి, నలిగినవి, టేపు ఊడినవి, తడిసినవి ఉంటే సంతకానికి ముందే డెలివరీ కాపీ మీద "3 పెట్టెలు నలిగాయి" అని రాయాలి, ఫోటో తీయాలి, వీలైతే ట్రాన్స్‌పోర్ట్ మనిషి ఎదుటే విప్పించాలి, దాన్నే ఓపెన్ డెలివరీ అంటారు. ఇలా రాయని పెట్టెలకు డబ్బు కోసుకుంటే మేం ఒప్పుకునేది లేదని కూడా చెప్పండి. మీరు కటువుగా మాట్లాడుతున్నట్టు అనుకుంటారేమోనని సంకోచించకండి, షాపుతో మొదట్లోనే తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

ఇన్సూరెన్స్ అంటారా, సముద్రంతో సంబంధం లేకపోయినా రోడ్డు సరుకు పాలసీని కూడా మెరైన్ పాలసీ అనే అంటారు. ఏడాది మొత్తం పంపకాలకు కలిపి ఓపెన్ పాలసీ తీసుకోవచ్చు. ఏ, బీ, సీ అని మూడు రకాల క్లాజులుంటాయి. సీ అంటే అగ్ని ప్రమాదం, పిడుగు వరకే. బీలో బండి గుద్దుకోవడం, బోల్తాపడడం లాంటివి చేరతాయి. దొంగతనం, సరుకు చేరకపోవడం కూడా కావాలంటే ఏ తీసుకోవాలి. ప్యాకింగ్ సరిగా లేక విరిగితే మాత్రం ఎందులోనూ రాదు, కాబట్టి జంతికలు విరగడానికి మందు పాలసీలో లేదు, పెట్టెలోనే ఉంది. పండగ లోడు లాంటి పెద్ద పంపకాలకు పాలసీ తీసుకోండి, మామూలు పది పెట్టెలకు విలువ ప్రకటించడం చాలు.

ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం మీకు తెలిసే ఉంటుంది, అయినా రెండు ముక్కలు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే తప్పనిసరి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. తణుకు నుంచి హైదరాబాద్ సుమారు 400 కిలోమీటర్లు, అంటే రెండు మూడు రోజులే. శనివారం సాయంత్రం బుక్ చేస్తే ఆదివారం హబ్‌లో కదలకుండా ఉండి దారిలో గడువు అయిపోయే వీలుంది, గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. అసలు సోమ, మంగళవారాల్లో బుక్ చేస్తే ఈ గొడవే ఉండదు, సరుకు కూడా వారాంతం అమ్మకాలకు షాపులో ఉంటుంది. తణుకు నుంచి హైదరాబాద్ 2014 నుంచి పక్క రాష్ట్రం కదా, మీ పక్కింటి వాళ్లెవరైనా ఇదే వ్యాపారం మొదలుపెట్టి "మా టర్నోవర్ చిన్నదే, జీఎస్టీ ఎందుకు" అంటే ఈ మాట చెప్పండి: పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మాలంటే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హస్తకళల సరుకు లాంటి కొన్నింటికే మినహాయింపు.

సొంతంగా బండి మాట్లాడుకోమన్నవాళ్ల మాట మామూలు రోజుల్లో వినొద్దు. టాటా ఏస్ లాంటి చిన్న ట్రక్కు మోసేది ముప్పావు టన్ను. మీ ఇప్పటి పెట్టెలు 40 వేస్తే బరువు అందులో సగం పైచిలుకే, కానీ వరుసకు తొమ్మిది చొప్పున అయిదు వరుసలు పేర్చాలి, కింది పెట్టె మీద నాలుగు పెట్టెల బరువు, పైన తాడు బిగింపు. ఇన్ని గంటలు అలా వెళ్లే సరుకు అది కాదు. అంతకంటే పెద్దదైన బొలెరో పికప్ మాట్లాడితే సగం ఖాళీగా పంపి మొత్తం కిరాయి కడతారు. నేను చెప్పే లెక్క ఇది: పార్శిల్ కిరాయి, రెండు చివర్లా ఆటోలు, హమాలీ, డెలివరీ అన్నీ కలిపి బండి కిరాయిలో మూడింట రెండు వంతులు దాటినప్పుడు బండి గురించి ఆలోచించండి. బండి మధ్యలో ఎక్కడా దించదు, ఎక్కించదు, మీ ఇంటి ముందు ఎక్కిన సరుకు షాపు ముందే దిగుతుంది, విరిగిపోయే సరుకుకు దానికంటే మేలైన పద్ధతి లేదు. ఆ మూడో వంతు తేడా దీనికి ఇవ్వొచ్చు.

దసరా, దీపావళి, సంక్రాంతి ముందు మీకు ఆ లోడు వస్తుంది. అప్పుడు మీ చుట్టుపక్కల పచ్చళ్లు, పూతరేకులు చేసేవాళ్లతో కలిసి ఒక బొలెరోనో చిన్న డీసీఎం లారీనో మాట్లాడుకోండి, ఎవరి పెట్టెలు ఎక్కడ దిగాలో ముందే రాసుకుని చివర దిగేవి ముందు ఎక్కించండి. పచ్చళ్ల సీసాలు మాత్రం కిందే, మీ పెట్టెల పైన వద్దు. రిటర్న్ బండి దొరికితే బాగా తక్కువకు వస్తుంది. మీ ఊరి మందుల ఏజెన్సీలకూ కిరాణా డిస్ట్రిబ్యూటర్లకూ హైదరాబాద్ నుంచి సరుకు తెచ్చే బండ్లు ఖాళీగా తిరిగి వెళ్లేటప్పుడు మీ ఫోన్ కోసమే చూస్తుంటాయి, ఆ దుకాణాల్లో అడిగి డ్రైవర్ల నంబర్లు తీసుకోండి. చేపల బండి, రొయ్యల మేత బండి ఎంత చవగ్గా వస్తానన్నా వద్దు, ఎంత కడిగినా ఆ వాసన పోదు. బండి ఎక్కించే ముందు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్ చూడండి, టోల్ కిరాయిలో కలిసిందా విడిగానా, షాపు దగ్గర ఆగితే హాల్టింగ్ ఎంత అన్నది ముందే మాట్లాడండి, సగం అడ్వాన్స్ ఇచ్చి మిగతాది సరుకు దిగిన రసీదు ఫోటో వచ్చాక ఇవ్వండి. ఈ-వే బిల్లులో బండి నంబరు ఉండే పార్ట్-బి అప్పుడు మీరే నింపాలి, దారిలో బండి మారితే నంబరు కూడా మార్చాలి.

మీ మరిది గారికి చెప్పండి, రైలు చెడ్డది కాదు, మీ సరుకుకు కుదరదంతే. చిన్న స్టేషన్లో రైలు ఆగేది కాసేపే, ఆ కాసేపట్లో మీ పెట్టెలు పార్శిల్ వ్యాన్‌లోకి ఎలా ఎక్కుతాయో ఊహించుకోండి. స్టేషన్‌కు చేర్చేది మీరే, సికింద్రాబాద్‌లో విడిపించుకోవాల్సిందీ మీ మనిషే, ఆలస్యమైతే స్టేషన్లో ఉంచినందుకు వార్ఫేజ్ అనే ఛార్జీ కట్టాలి. ఢిల్లీ, కోల్‌కతా లాంటి దూరాలకు పెద్ద ఎత్తున పంపే రోజు వస్తే అప్పుడు చూద్దాం. ఆర్టీసీ కార్గో మాత్రం తప్పకుండా వాడుకోండి, రోజువారీ లోడుకు కాదు, షాపాయన ఫోన్ చేసి "శనివారానికి రెండు పెట్టెలు చేగోడీలు కావాలి" అన్నప్పుడు. రాత్రి బస్సులో వేస్తే మర్నాడు అక్కడి కౌంటర్లో తీసుకోవచ్చు. ఇళ్లకు విడిగా ఆర్డర్ ఇచ్చేవాళ్లకు పోస్టాఫీసు పార్శిల్ ఉంది, 35 కిలోల దాకా తీసుకుంటారు, మారుమూల పల్లెకు కూడా అదనపు ఛార్జీ లేకుండా వెళ్తుంది.

వచ్చే లోడుకే అన్నీ ఒక్కసారి మార్చేయొద్దు. మొదట హైదరాబాద్‌కు కొత్త పెట్టెలు పది మాత్రం పార్శిల్ ట్రాన్స్‌పోర్ట్‌లో వేయండి, మిగతావి మామూలుగానే కొరియర్‌లో వెళ్లనివ్వండి. పెట్టెకు అన్నీ కలిపి ఎంత పడిందో, ఎన్ని ప్యాకెట్లు విరిగాయో, ఎన్నో రోజున చేరాయో ఒక పుస్తకంలో రాసి నాకు పంపండి. మీ పాత పెట్టె అసలు కొలతలు, మీ ఊరి నుంచి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దాకా ఆటో ఎంత తీసుకుంటున్నాడో కూడా రాయండి, బెంగళూరు లోడును హైదరాబాద్ మీదుగా పంపాలా, నేరుగా విజయవాడ నుంచి పంపాలా అన్నది ఆ అంకెలు చూశాక చెబుతాను.